ఇరవై ఎనిమిది రోజుల నెల, అన్నీ కలిసిన ఆదాయం

టెలికాం వ్యాపారంలో అర్థం చెప్పనక్కర్లేదనిపించే మాటలు రెండున్నాయి. ఒకటి నెల, రెండోది ఆదాయం. మొదటిదాని అర్థం సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడి చుట్టుపక్కల ఏ రీఛార్జి దుకాణం ముందు నిలబడినా తెలుస్తుంది. రెండోదాని అర్థం తేలడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మనం ఇంట్లో వాడుకునే అర్థం రెండింటిలోనూ లేదు. మొదటి మాటను కంపెనీలు కుదించాయి. రెండో మాట సాగి సాగి అవే కంపెనీల మీద పడింది. విడివిడిగా చదివితే ఒకటి చిల్లర ఫిర్యాదు, ఇంకొకటి లక్ష కోట్ల వ్యాజ్యం. పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం ఒకటే వాదన రెండు చోట్ల వినిపిస్తుంది, మాట్లాడేవాళ్లు కుర్చీలు మార్చుకుని కూర్చున్నారంతే.

ముందు దుకాణం సంగతి. గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉండటంతో ఇక్కడి దుకాణాలకు కాలనీవాళ్లే కాక జిల్లాల నుంచి రోగుల వెంట వచ్చినవాళ్లూ వస్తుంటారు. వాళ్లకు కావాల్సింది నాలుగు రోజులు ఊరికి మాట్లాడుకోవడం. “అన్నా, ఫోన్ పోతలేదు, పది రూపాయలు వెయ్యి” అంటారు. పది రూపాయల టాపప్‌కు 7.47 రూపాయల టాక్‌టైమ్ వస్తుంది. మిగిలింది పన్నుకూ ప్రాసెసింగ్ ఫీజుకూ పోతుంది. అంతవరకు ఒప్పుకున్నా, బ్యాలెన్స్ పడినంత మాత్రాన ఫోన్ పోదు. వ్యాలిడిటీ ఉన్న ప్యాక్ ఒకటి ముందే నడుస్తుండాలి. జాతరలో ఖర్చు పెట్టుకోవడానికి డబ్బులున్నా గేటు దగ్గర టికెట్ కొననిదే లోపలికి రానివ్వనట్టు. “ప్యాక్ వేయించుకో అమ్మా, అప్పుడే పోతది” అంటాడు దుకాణదారు. “ఎన్ని రోజులొస్తది?” “ఇరవై ఎనిమిది.” “నెల రోజులది లేదా?” అన్న ప్రశ్న ఆ వెంటనే వస్తుంది. రావడం సహజం. అద్దె నెలకు, జీతం నెలకు, పాలవాడి లెక్క నెలకు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నెలకు. ఫోన్ ఒక్కటే నాలుగు వారాలకు.

లెక్క చిన్నదే. 365ను 28తో భాగిస్తే పదమూడు దాటుతుంది. అంటే నెలవారీ ఖర్చు అనుకుని పన్నెండు సార్లు చేసేది నిజానికి పదమూడు సార్లు చేస్తాం. 2024 జూలైలో ఎయిర్‌టెల్ 28 రోజుల కనీస ప్యాక్‌ను 179 నుంచి 199 రూపాయలకు పెంచింది. ఆ ధరకు పన్నెండు రీఛార్జీలు 2,388 రూపాయలు, పదమూడు 2,587 రూపాయలు. ధర పెరిగిన రోజున పత్రికలు మొదటి పేజీలో రాస్తాయి. పదమూడో రీఛార్జి ఏ పేజీలోనూ రాదు. ధర పెంచకుండా ధర పెంచడానికి క్యాలెండర్ అంత అనువైన పనిముట్టు ఇంకొకటి లేదు.

ఈ ఫిర్యాదు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాకా వెళ్లింది. 2022 జనవరి 27న అది ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ ప్లాన్ వోచర్, స్పెషల్ టారిఫ్ వోచర్, కాంబో వోచర్ మూడింటిలోనూ 30 రోజుల వ్యాలిడిటీతో కనీసం ఒక్కొక్కటి పెట్టాలి. ప్రతి నెలా అదే తేదీన చేయించుకునేలా ఇంకొక్కటి పెట్టాలి. ఉత్తర్వు బాగుందని అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు. నాకంత గొప్పగా అనిపించలేదు. 28 రోజుల ప్యాక్‌ను అది ఆపలేదు, దాన్ని నెల ప్యాక్‌గా జనం తీసుకోవడాన్నీ ఆపలేదు. అసలు నెలను షోకేసులో ఒక నమూనాగా పెట్టమంది, అంతే. ఎన్నో ప్యాకుల వరుసలో ఆ ఒక్కటీ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన బాధ్యత కొనేవాడిదే.

ఇప్పుడు రెండో మాట. 1994 విధానం కింద మొబైల్ లైసెన్సులు తీసుకున్న కంపెనీలు స్థిరమైన లైసెన్సు ఫీజు కడతామని వేలం పాడాయి. పాడినంత కట్టలేకపోయాయి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో, అంటే ఆ పేరుతో ఉన్న లైసెన్సు ప్రాంతంలో, అప్పుడు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ ఉండేవి. మొదటిది తర్వాత ఐడియాలో కలిసింది, రెండోది ఎయిర్‌టెల్ చేతికి వెళ్లింది. 1999 కొత్త టెలికాం విధానం వీళ్లందరికీ ఒక దారి చూపించింది. స్థిర ఫీజు మానేసి, వచ్చిన ఆదాయంలో ఇంత శాతం ప్రభుత్వానికి ఇవ్వండి అంది. కంపెనీలు ఆనందంగా సంతకాలు పెట్టాయి. ఆ ఆదాయానికి పెట్టిన పేరు అడ్జస్టెడ్ గ్రాస్ రెవెన్యూ, ఏజీఆర్. లైసెన్సు ఒప్పందం ఇచ్చిన నిర్వచనంలో కాల్స్ మీద వచ్చిన డబ్బే కాక హ్యాండ్‌సెట్లు అమ్మితే వచ్చింది, ఆలస్య రుసుము, బ్యాంకు వడ్డీ, డివిడెండు అన్నీ ఉన్నాయి. ఖర్చులు మినహాయించుకోవడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది.

కొన్నేళ్లకు కంపెనీలు అడ్డం తిరిగాయి. మా లైసెన్సు ఫోన్ సేవలకు, వాటా కూడా ఫోన్ సేవల ఆదాయం మీదే ఉండాలి, బ్యాంకులో డిపాజిట్ మీద వచ్చే వడ్డీకీ స్పెక్ట్రానికీ ఏం సంబంధం అన్నాయి. వాదన న్యాయంగానే ఉంది. పద్మారావు నగర్‌లో ఎవరిని ఆపి అడిగినా అదే అంటారు. టెలికాం వివాదాల ట్రిబ్యునల్ కూడా మధ్యలో కంపెనీలకు అనుకూలంగా తీర్పులిచ్చింది. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు మాత్రం ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చింది. ఒప్పందంలో నిర్వచనం స్పష్టంగా ఉంది, తెలిసే సంతకం పెట్టారు, ఆ ఒప్పందం వల్ల లాభమూ పొందారు, ఇప్పుడు నిర్వచనం నచ్చలేదంటే కుదరదు అన్నది ఆ తీర్పు సారాంశం. అసలుకు వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ కలిశాయి. టెలికాం శాఖ లెక్కలో వొడాఫోన్ ఐడియా బకాయి 58,254 కోట్లు, ఎయిర్‌టెల్‌ది 43,980 కోట్లు, టాటాలది 16,798 కోట్లు.

ఇక్కడొక ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకున్న శాఖ, తమ అవసరాలకు ఇంటర్నెట్, లాంగ్ డిస్టెన్స్ లైసెన్సులు తీసుకున్న ప్రభుత్వ సంస్థలకూ నోటీసులు పంపింది. గెయిల్ అనే గ్యాస్ కంపెనీని 1.72 లక్షల కోట్లు కట్టమంది. పైపుల్లో గ్యాస్ అమ్మగా వచ్చిన డబ్బు కూడా టెలికాం ఆదాయమే అయింది. కోర్టే మందలించాక ఆ డిమాండ్లు చాలావరకు వెనక్కి తీసుకున్నారు. నిర్వచనాన్ని రాసినవాళ్లే దాని అంచు ఎక్కడుందో చూసుకోలేదనడానికి ఇంతకన్నా నిదర్శనం వేరే అక్కర్లేదు.

ఇప్పుడు రెండు వాదనల్నీ ఎదురెదురుగా పెట్టండి. కంపెనీ కోర్టులో అన్నది: మాటకు లోకంలో ఉన్న అర్థం తీసుకోండి, కాగితం మీద ఇరికించిన అర్థం వద్దు. కోర్టు అన్నది: కాగితం మీద ఉంది, మీరు సంతకం పెట్టారు. దుకాణం ముందు కొనేవాడు అనేది: నెల అంటే నెలే కదా. కంపెనీ అనేది: ప్యాక్ మీద 28 రోజులని స్పష్టంగా ఉంది, మీరే కొన్నారు. ఢిల్లీలో తనకు అన్యాయంగా తోచిన తర్కాన్నే కంపెనీ సికింద్రాబాద్‌లో తన కొనుగోలుదారు మీద వాడుతోంది. ఏజీఆర్ కేసులో కంపెనీల పక్షాన కన్నీళ్లు పెట్టిన వ్యాసాలు చాలా వచ్చాయి. ఆ కన్నీళ్లలో నాలుగు చుక్కలు పదమూడో రీఛార్జికి కూడా మిగలాల్సింది.

రెండు సంగతులూ సమానమేనని నేననడం లేదు. రెండొందల రూపాయలకు ఎవరి ఇల్లూ మునగదు, యాభై ఎనిమిది వేల కోట్లకు కంపెనీ మునుగుతుంది. అయితే ఓడిపోయాక ఎవరికేం దక్కిందో కూడా చూడాలి. కంపెనీలకు బకాయి కట్టడానికి 2020 సెప్టెంబర్‌లో కోర్టు పదేళ్లు గడువిచ్చింది. 2021 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం నిర్వచనాన్నే మార్చి, టెలికాం కాని ఆదాయాన్ని ఇకముందు లెక్కలోంచి తీసేసింది. వొడాఫోన్ ఐడియా స్పెక్ట్రం, ఏజీఆర్ బకాయిల్లో కొంత వాటాలుగా మారి, 2025 నాటికి ఆ కంపెనీలో దాదాపు 49 శాతం ప్రభుత్వానిదైంది. అంటే కేసు ఓడినా కంపెనీలు అడిగిన అర్థం చివరకు చట్టమైంది. కొనుగోలుదారు అడిగిన అర్థం ప్రతి రకం వోచర్‌లోనూ ఒకటి రెండు నమూనాలుగా మిగిలింది.

మన దేశంలో డేటా చవక, ఈ గొడవంతా దేనికి అనేవాళ్లుంటారు. రోజుకెంత పడుతుందో చూసుకుంటే నిజంగా ఎక్కువేం కాదు. కానీ అవే కంపెనీలు మదుపరులతో మాట్లాడేటప్పుడు ఏ క్యాలెండర్ వాడతాయో గమనించండి. మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో అందరూ ముందు చూసే అంకె ఆర్పు, అంటే ఒక్కో వినియోగదారుడి మీద సగటున వచ్చే ఆదాయం. 2024 అక్టోబర్-డిసెంబర్ త్రైమాసికంలో ఎయిర్‌టెల్‌కు అది 245 రూపాయలు, జియోకు 203.3 రూపాయలు. ఇది నెలకు. ఏ నెలకు? జనవరి, ఫిబ్రవరి అని మనం లెక్కపెట్టుకునే నెలకే. 199 రూపాయల ప్యాక్‌లోంచి 18 శాతం పన్ను తీసేస్తే దాదాపు 168.6 మిగులుతుంది. నాలుగు వారాల లెక్కను అసలు నెల లెక్కలోకి మారిస్తే అది 183 అవుతుంది. ఈ తేడా కొనేవాడికి కనిపించదు, షేరు కొన్నవాడికి ఫలితాల్లో కనిపిస్తుంది. అమ్మకానికో నెల, నివేదికకో నెల. ఒకే కంపెనీ రెండు పంచాంగాలు పెట్టుకుంది.

అలాగని ఈ గడుసుదనం నిన్నమొన్న పుట్టిందీ కాదు. 28 రోజులకు ముందు ఏకంగా జీవితకాలాన్నే అమ్మారు. 2005 చివర్లోనూ 2006 మొదట్లోనూ వెయ్యికి రూపాయి తక్కువకు లైఫ్‌టైమ్ ఇన్‌కమింగ్ సిమ్‌లు వచ్చాయి. ఎవరి జీవితం అన్న ప్రశ్న ట్రాయ్‌కే వచ్చింది. కంపెనీ లైసెన్సుకూ, దాన్ని పునరుద్ధరిస్తే ఆ గడువుకూ ఉన్న జీవితమే ఇది అని 2006లో తేల్చింది. లైసెన్సు ఎప్పుడు ముగుస్తుందో కొనేవాడికి చెప్పాలని కూడా అంది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ మొదటి మొబైల్ లైసెన్సులు 1995 నాటివి, 1999 విధానం తర్వాత వాటి గడువు ఇరవై ఏళ్లు. అంటే 2006లో పద్మారావు నగర్‌లో ఒక తాతగారు కొన్న లైఫ్‌టైమ్ సిమ్‌కు కాగితం మీది ఆయుష్షు తొమ్మిదేళ్ల చిల్లర. కంపెనీలైతే వేలాల్లో స్పెక్ట్రం మళ్లీ కొనుక్కుని బతికాయి. లైఫ్‌టైమ్ మాత్రం 2018 చివర్లో పోయింది. నెలకు కనీసం 35 రూపాయలు వేయించుకోకపోతే సేవ ఆగుతుందని అప్పటి పెద్ద కంపెనీలు మెసేజీలు పంపాయి. ఆ నెల కూడా 28 రోజులదే.

ఇలాంటిదే ఇంకో జంట. టాటా టెలీసర్వీసెస్ దేశంలో మొదట పని మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే. తర్వాత దాని వాకీ ఫోన్లు హైదరాబాద్, సికింద్రాబాద్ ఇళ్లలో, కిరాణా కొట్లలో కుప్పలుగా ఉండేవి. చూడటానికి ల్యాండ్‌లైన్, తీగ మాత్రం లేదు. అది స్థిర ఫోనా, కదిలే ఫోనా? ఈ ప్రశ్నకు వేల కోట్ల విలువ ఉంది. ఎందుకంటే పల్లెల్లో నష్టానికి ల్యాండ్‌లైన్లు నడిపే బీఎస్ఎన్ఎల్‌కు కదిలే ఫోన్ల కాల్స్ మీద యాక్సెస్ డెఫిసిట్ చార్జీ అనేది చెల్లించాలి. స్థిర ఫోన్ అయితే కంపెనీ తనే ఉంచుకోవచ్చు. కంపెనీలు ఇది స్థిరమే అన్నాయి. సర్వీస్ ఏరియాలో ఎక్కడికి పట్టుకెళ్లినా మోగుతోంది కదా అంది బీఎస్ఎన్ఎల్. 2008లో సుప్రీంకోర్టు బీఎస్ఎన్ఎల్ మాటే నిలబెట్టింది. ఆ చార్జీ కూడా ఆ ఏడాదే ముగింపుకు వచ్చింది. ఇప్పుడు 2023 సెప్టెంబర్ నుంచి హైదరాబాద్‌లో ఎయిర్‌ఫైబర్ అని అమ్ముతున్నది గాల్లోంచి వచ్చే 5జీ. ఇంటిదాకా ఫైబర్ తీగ రాదు. అప్పట్లో కదిలేదాన్ని కదలనిదన్నారు, ఇప్పుడు తీగలేనిదాన్ని తీగ అంటున్నారు. మొదటిదాని మీద కోర్టు కేసు నడిచింది, ఎందుకంటే నష్టపోయింది ఇంకో కంపెనీ. రెండోదాని మీద ఎవరూ వేయలేదు.

ఇదంతా చదివి, పాత ల్యాండ్‌లైన్ బిల్లే నయం అని ఎవరైనా అనుకుంటే వాళ్లను ఒక్క నిమిషం ఆపాలి. రెండు నెలలకోసారి వచ్చే ఆ బిల్లులో అద్దె, ఉచిత కాల్స్, యూనిట్లు అని స్పష్టంగా ఉండేవి, నిజమే. యూనిట్ అంటే మూడు నిమిషాలు, రేటు రూపాయి ఇరవై పైసలు. మూడు మాటలు మాట్లాడి పెట్టేసినా మూడు నిమిషాల డబ్బే. సెల్‌ఫోన్లలోనూ ఇదే తరహాలో నడిచిన నిమిషాల లెక్కను టాటా డొకోమో 2009లో సెకనుకు ఇంత అని మొదలుపెట్టాకే మిగతావాళ్లూ వదిలారు. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి నిరీక్షణ. ఆ నిరీక్షణ తప్పించుకోవడానికి ఓన్ యువర్ టెలిఫోన్ అన్న వర్గం ఒకటి ఉండేది. పెద్ద డిపాజిట్ కడితే వరుసలో ముందుకు జరగవచ్చు, అంతే తప్ప ఫోన్ సొంతం కాదు. కాబట్టి పాత భాషలో నిజాయితీ ఉండేదని నేను చెప్పను. కొలత మాత్రం కళ్లెదుట ఉండేది. రాత్రి రేటు తగ్గాక ఎస్‌టీడీ బూత్‌ల ముందు వరుసలు కట్టినవాళ్లకు, ఎర్ర అంకెల మీటర్ ఎగబాకుతుంటే ఎప్పుడు పెట్టేయాలో తెలిసేది. వ్యాలిడిటీకి మీటర్ లేదు. మీరు మాట్లాడినా, మాట్లాడకపోయినా అది తరుగుతూనే ఉంటుంది. పాత మాటలు వాడకాన్ని కొలిచాయి, కొత్త మాటలు కాలాన్ని అమ్ముతున్నాయి. అన్‌లిమిటెడ్ అని పెద్ద అక్షరాల్లో రాసిన ప్యాక్ కిందే రోజుకు 1.5 జీబీ అని చిన్న అక్షరాలుంటాయి. అది చూసి నవ్వుకుని ఊరుకోవచ్చు. కాలం సంగతి నవ్వుకునేది కాదు.

మధ్యలో సర్కిల్ గురించి ఒక్క మాట. తెలంగాణ వచ్చి పదేళ్లు దాటింది. బీఎస్ఎన్ఎల్ తన పాలనకు తెలంగాణ సర్కిల్ వేరే పెట్టుకుంది. లైసెన్సుల పటంలో మాత్రం పద్మారావు నగర్ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది, రెండు రాష్ట్రాలూ కలిపి ఒకటే సర్వీస్ ఏరియా. అంతేకాదు, మెట్రో రైలు తిరిగే ఈ నగరం టెలికాం భాషలో మెట్రో కాదు, ఏ-క్యాటగిరీ సర్కిల్‌లో ఒక ఊరు. మెట్రో హోదా మొదట్లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే ఇచ్చారు. దీనివల్ల కొనేవాడికి పెద్ద నష్టం లేదు. పదాలకు ఈ రంగంలో తమ సొంత భూగోళం కూడా ఉందని చెప్పడానికే ఇది.

తిరిగి నెల దగ్గరికి. 2012 నాటి ట్రాయ్ నిబంధనలు ఒక్కో వోచర్‌కు ఒక్కో రంగు పెట్టాయి, దుకాణంలో చదువురానివాళ్లకూ తేడా తెలియాలని. కాగితం వోచర్లు పోయి ఫోన్‌లోనే రీఛార్జి అయ్యాక ఆ రంగులకు పనిలేకుండా పోయింది. 2024 డిసెంబర్ 23న ట్రాయ్ ఆ రంగులు తీసేసింది. ఆ సవరణతోనే ఇంకో రెండు పనులు చేసింది. స్పెషల్ వోచర్ల గరిష్ఠ వ్యాలిడిటీని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే విడిగా వోచర్ ఇవ్వాలంది. ఈ రెండోది గాంధీ ఆసుపత్రి దగ్గర కీప్యాడ్ ఫోన్లతో తిరిగేవాళ్లకు, ఇంట్లో వైఫై ఉండి రెండో సిమ్‌ను బ్యాంకు మెసేజీల కోసం ఉంచుకున్న పద్మారావు నగర్ పెద్దలకు నిజంగా పనికొచ్చేది. నన్నడిగితే 2022 ఉత్తర్వుకన్నా ఇది మేలైనది, ఎందుకంటే ఇది ప్యాక్‌లో ఏముండాలో అడిగింది. ఎన్నాళ్లుండాలన్నది మాత్రం మళ్లీ కంపెనీలకే వదిలింది.

2025 జనవరిలో ఆ వోచర్లు వచ్చాయి. ఎయిర్‌టెల్ 469 రూపాయలది 84 రోజులకు, 1,849 రూపాయలది 365 రోజులకు ఇచ్చింది. జియో 448 రూపాయలది 84 రోజులకే ఇచ్చింది. దాని పెద్ద ప్యాక్ మొదట 1,958 రూపాయలకు 365 రోజులని వచ్చింది. కొద్ది రోజుల్లోనే 1,748 రూపాయలకు తగ్గింది. ధర తగ్గిందని వార్తలు రాశారు. వ్యాలిడిటీ 336 రోజులు. అంటే సరిగ్గా పన్నెండు నెలలే, ఒక్కోటి ఇరవై ఎనిమిది రోజులది.